కోరాపుట్ కొండదారులకు ట్రెయిల్ బైక్: తరచుగా అడిగే ప్రశ్నలు

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కిన దగ్గర్నుంచి ఒడిశాలోని పొట్టంగి, సిమిలిగుడ, కోరాపుట్, జయపురం దాకా, ఇటు రాయగడ, గుణుపురం వైపు కూడా మనవాళ్ళ ఇళ్ళముందు హీరో ఎక్స్‌పల్స్‌లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌లు బాగానే కనిపిస్తున్నాయి. బండి కొన్న నెలకే "అన్నా, దీనికి ఏమేం వేయించాలి?" అని ఫోన్లు మొదలవుతాయి. ఈ జవాబులు వాళ్ళకోసం. ఆదివారం కొండెక్కి, సోమవారం అదే బండి మీద డ్యూటీకి వెళ్ళేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి. రేసులకు తయారయ్యేవాళ్ళ లెక్క వేరు.

ముందు దేనికి డబ్బు పెట్టాలి?

టైర్లకి. తర్వాత మీ ఒళ్ళు బండిమీద సరిగ్గా కుదిరేలా హ్యాండిల్‌కి, ఫుట్‌పెగ్‌లకి. ఆ తర్వాత కింద పడ్డప్పుడు విరిగేవాటిని కాపాడే గార్డులకి. సస్పెన్షన్‌లో కొత్త పార్టు కొనేముందు ఉన్నదాన్ని మీ బరువుకు సెట్ చేయించుకోండి, దానికి పెద్దగా ఖర్చుండదు. ఇంజిన్ అన్నిటికంటే ఆఖరు. చాలామందికి దాని అవసరమే రాదు.

కుర్రాళ్ళు ఎక్కువగా దీన్ని తిరగేసి చేస్తారు. మొదట సైలెన్సర్ మారుస్తారు, తర్వాత స్టిక్కర్లు, ఎల్ఈడీ లైట్లు. టైర్ల దగ్గరకొచ్చేసరికి జేబు ఖాళీ. చేతిలో పదివేలే ఉంటే అందులో సగానికి పైగా టైర్లకే పోనివ్వండి.

కంపెనీ టైర్లు సరిపోవా?

ఎండాకాలంలో, గట్టి మట్టిబాట మీద సరిపోతాయి. వాటిని సగం తారురోడ్డు, సగం మట్టిరోడ్డు కోసం చేస్తారు. మన దగ్గర చినుకు పడగానే ఎర్రమట్టి జిగురులా మారి టైరు గాడుల్లో నిండిపోతుంది. అప్పుడు టైరు నున్నగా అయిపోయి, బ్రేకు పట్టినా బండి తన దారిన తాను జారిపోతుంది. బటన్ టైర్లలో గుబ్బల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి చక్రం తిరుగుతుంటే మట్టి తనంతట తానే ఊడిపోతుంది.

ఒకే జత కొనగలిగితే రోడ్డుకీ మట్టికీ సగంసగం పనికొచ్చే రకం తీసుకోండి. పూర్తి బటన్ టైరుకి తడి తారురోడ్డు మీద పట్టు తక్కువ. వర్షంలో సుంకి ఘాట్ వంపుల్లో లారీల మధ్య ఆ తేడా బాగా తెలుస్తుంది. సైజు మాత్రం మార్చొద్దు. ఎక్స్‌పల్స్‌కి ముందు 21 అంగుళాలు, వెనక 18. హిమాలయన్ 411కి (411 సీసీ మోడల్) వెనక 17. వెడల్పు టైరు వేస్తే బండి బలంగా కనిపిస్తుంది గానీ, మట్టి నిండాక చెయిన్‌కో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌కో రాసుకుంటుంది.

గాలి ఎంత ఉంచాలి?

పైసా ఖర్చులేని మార్పు ఇదే. బాగా ఉపయోగపడేదీ ఇదే. కంపెనీ చెప్పిన ప్రెషర్ తారురోడ్డు కోసం. మట్టిలో, వదులు రాళ్ళలో గాలి తగ్గిస్తే టైరు నేలకు పరుచుకుని పట్టు పెరుగుతుంది, చిన్న రాళ్ళ దెబ్బలు చేతులదాకా రావు.

ఎక్స్‌పల్స్ లాంటి బండికి మెత్తటి మట్టిలో ముందూ వెనకా 16 నుంచి 18 పీఎస్ఐ మంచి మొదలు. పదునైన రాళ్ళుంటే 20, 22 దాకా ఉంచండి. హిమాలయన్ దాదాపు 200 కిలోల బండి కాబట్టి దానికి ఇంకో రెండు పాయింట్లు కలపండి. ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. పంచర్ షాపు మీటర్లు ఒక్కోటి ఒక్కో లెక్క చెప్తాయి, సొంతానికి ఒక చిన్న గేజి కొనుక్కోండి.

మరీ తగ్గిస్తే రెండు ప్రమాదాలు. మొదటిది, రాయి తగిలినప్పుడు ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పాము కాటులా ఉంటుంది, పేరు కూడా అదే. ట్యూబులో అలా జంట చిల్లులు కనిపిస్తే మేకు కోసం వెతకకండి, గాలి తక్కువైందని అర్థం. రెండోది, టైరు రిమ్ము మీద జరిగి ట్యూబును తనతో లాక్కెళ్ళి వాల్వ్‌ను మొదలంటా తెంపేస్తుంది. 12 కంటే కిందికి వెళ్ళేవాళ్ళు రిమ్ లాక్ (టైరు జరగకుండా రిమ్ముకి అదిమి పట్టే బిగింపు) వేయించుకోకుండా వెళ్ళకూడదు.

వాల్వ్ నట్టును రిమ్ముకి బిగించొద్దు. పైకి తీసి టోపీ దగ్గర ఉంచండి. టైరు జరగడం మొదలైతే వాల్వ్ పక్కకి వంగి మీకు ముందే కనిపిస్తుంది. బిగించి ఉంటే ఆ హెచ్చరిక ఉండదు, నేరుగా తెగుతుంది.

తారురోడ్డు ఎక్కగానే మళ్ళీ గాలి నింపాలి. తక్కువ గాలితో ఘాట్ రోడ్డు దిగడాన్ని లైట్ తీసుకోవద్దు.

స్పోక్ చక్రాలను ట్యూబ్‌లెస్ చేయించుకోవచ్చా?

టేపుతోనో సీలెంట్‌తోనో చేసేవాళ్ళున్నారు. రోడ్డుకి బాగానే ఉంటుంది. కొండల్లో నేను వద్దనే అంటాను. ట్యూబ్ టైరు కోసం చేసిన రిమ్ములో టైరు అంచును లోపలినుంచి పట్టి ఉంచే గట్టు ఉండకపోవచ్చు. గాలి తగ్గించి నడిపేటప్పుడు అంచు ఊడితే మొత్తం గాలి ఒక్కసారిగా పోతుంది, చేతిపంపుతో దాన్ని మళ్ళీ కూర్చోబెట్టడం అయ్యే పని కాదు. మందపాటి ట్యూబు, రెండు టైరు లివర్లు, ఓపిక ఉంటే చాలు. రిమ్ము కొంచెం సొట్టపోయినా ట్యూబుతో ఇంటికి రావచ్చు.

సస్పెన్షన్‌ని నా బరువుకి సెట్ చేయడం అంటే ఏమిటి?

మీరు కూర్చున్నప్పుడు బండి కొంత కిందికి దిగుతుంది. దాన్ని శాగ్ అంటారు. ఆ దిగడం మొత్తం ప్రయాణంలో, అంటే చక్రం పైకీ కిందికీ ఆడే దూరంలో, మూడో వంతు దగ్గర ఉండాలి. ఎక్స్‌పల్స్ 200 4వీ మామూలు మోడల్‌లో వెనక చక్రం 170 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడుతుంది. అంటే మీరు కూర్చుంటే 55 మిల్లీమీటర్ల చుట్టూ దిగాలి.

కొలవడానికి ఇద్దరు సాయం, ఒక టేపు చాలు. వెనక చక్రం గాల్లో ఉండేలా బండిని ఎత్తి, యాక్సిల్ నుంచి నిటారుగా పైనున్న ప్లాస్టిక్ మీద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత హెల్మెట్, బూట్లు, బ్యాగుతో సహా మీరు ఎక్కి ఫుట్‌పెగ్‌ల మీద కాళ్ళు పెట్టండి. ఒకరు ముందు పట్టుకుంటే ఇంకొకరు అదే దూరం మళ్ళీ కొలుస్తారు. తేడాయే శాగ్. ఎక్కువగా దిగితే ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగింపు) పెంచాలి, తక్కువైతే తగ్గించాలి.

ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడదు. బండి కూర్చునే ఎత్తు మాత్రమే మారుతుంది. ప్రీలోడ్ ఆఖరు మెట్టు దాకా తిప్పినా మీ బరువుకి బండి ఇంకా కుంగిపోతుంటే మీకు గట్టి స్ప్రింగ్ కావాలి. తొంభై కిలోలు దాటినవాళ్ళకి సాధారణంగా ఇదే పరిస్థితి వస్తుంది.

ముందు ఫోర్కుల్లో ఆయిల్ ఎప్పుడు మార్చారో చాలామందికి గుర్తుండదు, ఎందుకంటే ఎప్పుడూ మార్చలేదు కాబట్టి. పాత ఆయిల్ పలచబడి గుంతల్లో ఫోర్కు అడుగుకి టకటకా కొడుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడే కొత్తది పోయించండి, రెండు వైపులా మట్టం సమానంగా ఉండాలి. అప్పటికీ మెత్తగా అనిపిస్తే ఒక గ్రేడు మందంది ప్రయత్నించండి. మీ ఫోర్కు టోపీలకు గాలి వదిలే చిన్న స్క్రూలుంటే, విజయనగరం వైపునుంచి వచ్చి 1672 మీటర్ల దేవమాలి ఎక్కేవాళ్ళు పైకెళ్ళాక వాటిని ఒకసారి విప్పి బిగించండి. అప్పుడు ముందు చక్రం గాల్లో ఉండాలి. ఎత్తు పెరిగేకొద్దీ బయటి గాలి పలచబడుతుంది, లోపల ఇరుక్కున్న గాలి ఫోర్కును బిగుసుకుపోయేలా చేస్తుంది.

ర్యాలీ మోడల్ సస్పెన్షన్ వేయించుకుంటే మంచిది కదా?

నడపగలిగితే మంచిదే. ఎక్స్‌పల్స్ 200 4వీ మామూలు మోడల్‌కి ముందు 190, వెనక 170 మిల్లీమీటర్ల ప్రయాణం, నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తు. ర్యాలీ సస్పెన్షన్‌తో 2023లో వచ్చిన ప్రో మోడల్‌లో అవి 250, 220, 270. దాంతో సీటు 825 నుంచి 891 మిల్లీమీటర్లకు పెరిగింది. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి ఆ 66 మిల్లీమీటర్లు చాలా పెద్ద తేడా. వాలు మీద ఆగినప్పుడు కాలు నేలకు అందకపోతే బండి పడుతుంది, ఎంత మంచి సస్పెన్షన్ ఉన్నా పడుతుంది.

వెనక లింకేజి పట్టీలు మాత్రం మార్చి బండిని పైకెత్తే చవక కిట్ల జోలికి వెళ్ళొద్దు. వెనక లేచి ముందు అలాగే ఉంటే ఫోర్కు నిటారై, దిగుడులో బండి తల విదిలిస్తుంది. సైడ్ స్టాండ్ కూడా పొట్టిదైపోతుంది. మెత్తటి నేలమీద నిలబెట్టి నాలుగడుగులు వేసేలోపే బండి పడుకుంటుంది.

స్ప్రాకెట్ మార్చాలా?

200 సీసీ బండ్లకి, అవును. ఏటవాలు రాళ్ళబాటలో మొదటి గేరు కూడా ఎక్కువ స్పీడనిపిస్తుంది, క్లచ్ సగం పట్టి లాగాల్సి వస్తుంది. అలా లాగితే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. ముందు స్ప్రాకెట్‌లో ఒక్క పన్ను తగ్గిస్తే, 13 నుంచి 12కి అనుకోండి, లాగే బలం సుమారు 8 శాతం పెరుగుతుంది. వెనక స్ప్రాకెట్‌లో మూడు పళ్ళు పెంచినదానికి దాదాపు సమానం. ముందుది చవక, అరగంట పని. కాకపోతే చిన్న స్ప్రాకెట్ మీద చెయిన్ బాగా వంగి తొందరగా అరుగుతుంది, స్వింగ్‌ఆర్మ్ రబ్బరును కూడా కోస్తుంది. ఆ రబ్బరును నెలకోసారి చూడండి.

హైవే మీద టాప్ స్పీడు తగ్గుతుంది, ఇంజిన్ అరుపు పెరుగుతుంది. రోజూ జయపురం నుంచి కోరాపుట్‌కి ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు ఇది ఆలోచించుకోవాలి. హిమాలయన్ 411కి కింది బలం బాగానే ఉంటుంది, దాన్ని కదపక్కర్లేదు.

హ్యాండిల్, ఫుట్‌పెగ్, లివర్లు?

ట్రెయిల్‌లో, అంటే కొండబాటల్లో, ఎక్కువసేపు నిలబడే నడుపుతాం. నిలబడినప్పుడు నడుము వంగిపోతుంటే హ్యాండిల్ కింద రైజర్లు వేయించండి, 20 నుంచి 30 మిల్లీమీటర్లు చాలు. అంతకుమించితే కేబుళ్ళు, బ్రేకు గొట్టం లాగుకుపోతాయి. బిగించాక హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. ఫుట్‌పెగ్‌ల రబ్బరు ఊడదీస్తే కింద ఇనుప పళ్ళుంటాయి, బురద బూటుకి అదే పట్టు.

బ్రేకు, క్లచ్ లివర్లను కొంచెం కిందికి తిప్పుకుంటే నిలబడ్డప్పుడు మణికట్టు నొప్పి ఉండదు. వాటి క్లాంపులను మరీ బిగించొద్దు. బండి పడ్డప్పుడు లివరు పక్కకి తిరిగిపోవాలి, విరగకూడదు.

క్రాష్ గార్డులు ఎన్ని వేయించాలి?

తక్కువే. ఇంజిన్ కింద అల్యూమినియం బ్యాష్ ప్లేట్, లోపల ఇనుప కమ్మీ ఉన్న హ్యాండ్ గార్డులు, ఈ రెండూ తప్పనిసరి. లేటరైట్ రాయి (ఎర్రరాయి) పైకి మెత్తగా కనిపిస్తుంది గానీ అంచు పదును, డ్రెయిన్ బోల్టును ఒక్క దెబ్బకి పగలగొట్టగలదు. ఒరిజినల్‌గా పల్చటి ప్లేటు ఉన్నా, పక్కలకు కూడా వచ్చే మందపాటిది మంచిది. ఆయిల్ మార్చడానికి దానికి రంధ్రం ఉందో లేదో కొనేముందే చూడండి.

వెల్డింగ్ షాపులో ముప్పావు అంగుళం పైపుతో చేయించే పంజరాలు మాత్రం వద్దు. బరువు పెరుగుతుంది, ఆ బరువంతా ముందు చక్రం మీదే. పైగా బండి పక్కకి ఒరిగినప్పుడు కాలు పైపుకీ రాయికీ మధ్య ఇరుక్కుంటుంది. హిమాలయన్ 450 ఉన్నవాళ్ళు రేడియేటర్‌కి జాలీ వేయించుకోండి.

సైలెన్సర్ మారిస్తే పవర్ పెరగదా?

శబ్దం పెరుగుతుంది. బీఎస్6 కాలుష్య ప్రమాణాల బండ్లలో పొగను శుద్ధిచేసే కాటలిటిక్ కన్వర్టర్ ఎగ్జాస్ట్‌లోనే ఉంటుంది, ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు లెక్క కడుతుంది. ఒక ముక్క మార్చి మిగతావి అలాగే వదిలేస్తే చాలాసార్లు కింది ఆర్‌పీఎమ్‌లో లాగడం తగ్గుతుంది. కొండ ఎక్కేటప్పుడు కావాల్సింది ఆ లాగడమే. కాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం నేరం కూడా.

ఇంకో మాట. మనం వెళ్ళేది కొండల మీది గిరిజన గ్రామాల మధ్యనుంచి. పసిపిల్లలున్న ఊళ్ళో తెల్లవారుజామున ఆ గోల చేసుకుంటూ వెళ్తే, రేపు అదే దారిలో బండి ఆగినా తోయడానికి ఎవరూ రారు.

ఎర్రదుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ ఏం చేయాలి?

ఇంజిన్‌కి చేయగలిగిన మంచి పని ఇదొక్కటే. ఫిబ్రవరి నుంచి మే దాకా ఈ దుమ్ము పిండిలా ఉంటుంది. నలుగురు వరుసగా వెళ్తే చివరివాడి ఫిల్టరు ఒక్కరోజులో మూసుకుపోతుంది. కాగితం ఫిల్టరైతే సర్వీసు బుక్కులో ఉన్న కిలోమీటర్లలో సగానికే మార్చండి. ఆయిల్ పూసే ఫోమ్ ఫిల్టరు వేస్తే ప్రతి పెద్ద ట్రిప్పు తర్వాతా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ ఆయిల్ పట్టించాలి. ఆ శ్రద్ధ లేనివాళ్ళు కాగితంతోనే ఉండటం మేలు. ఎక్కువ గాలి లాగుతుందని అమ్మే గుడ్డ ఫిల్టర్లను సరిగ్గా ఆయిల్ పట్టించకుండా వాడితే సన్నటి దుమ్ము లోపలికి పోతుంది.

వాగులు దాటడానికి స్నార్కెల్ (ఇంజిన్ గాలి పీల్చే చోటును పైకెత్తే గొట్టం) కావాలా?

అక్కర్లేదు. సీటు విప్పి ఎయిర్‌బాక్స్ నోరు ఎక్కడుందో ఒకసారి చూసుకోండి, నీరు అంతదాకా రాకూడదు. తెలియని వాగైతే ముందు నడిచి దాటండి. నడవలేని ప్రవాహంలో బండి కూడా నిలవదు.

నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే సెల్ఫ్ నొక్కొద్దు. సిలిండర్‌లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని ఒడ్డుకు లాగి, స్పార్క్ ప్లగ్ విప్పి, అప్పుడు ఇంజిన్ తిప్పితే నీరు ఆ రంధ్రంలోంచి చిమ్ముతుంది. ఫిల్టరు ఆరబెట్టండి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే, మార్చేదాకా స్టార్ట్ చేయొద్దు.

ఏబీఎస్ (బ్రేకు పట్టినా చక్రం లాక్ అవ్వకుండా చూసే ఏర్పాటు) తీసేయించాలా?

వైర్లు కోయించొద్దు. ఎక్స్‌పల్స్ 200 4వీకి 2023 నుంచి రోడ్, ఆఫ్‌రోడ్, ర్యాలీ అని మూడు మోడ్‌లు ఉన్నాయి. ర్యాలీలో ఏబీఎస్ పూర్తిగా ఆగుతుంది. వెనక ఏబీఎస్ ఆపే బటన్ 2020 నుంచి వచ్చిన హిమాలయన్ 411లకూ ఉంది. వదులు మట్టి దిగుడులో వెనక చక్రం కాస్త లాక్ అవ్వడం మంచిదే, ముందుది అవ్వకూడదు.

బరువు తగ్గించడానికి ఏమేం ఊడదీయవచ్చు?

లగేజి క్యారియర్, వాడని బాక్సు, అదనపు లైట్లు. అద్దాలు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు రోడ్డు మీద ఉండాల్సిందే. వెనక చక్రాన్ని సగం కప్పే శారీ గార్డు, వెనక కూర్చునేవాళ్ళు పట్టుకునే హ్యాండిల్ కూడా కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం తప్పనిసరి. మీ బ్యాగులోంచి మూడు కిలోలు తగ్గిస్తే అదీ బరువే.

పోలీసులు, ఆర్టీవో వాళ్ళు ఆపితే?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే సెక్షన్ 190 కింద 10,000 దాకా.

హ్యాండ్ గార్డులు, బ్యాష్ ప్లేటు, అదే సైజు టైర్లు పెద్ద టెన్షన్ పెట్టవు. ఫ్రేమ్ కోయడం, ఇంజిన్ మార్చడం, సైలెన్సర్ ఊడదీయడం పెడతాయి. పెద్ద మార్పులు చేస్తే బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. ఆంధ్రా నంబరుతో ఒడిశాలో ఏడాదికి మించి బండి ఉంచితే ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించుకోవాలి. ఆ పని తేలాకే మార్పుల సంగతి చూసుకోండి.

వానాకాలంలో ముందు చక్రం తిరగకుండా బిగుసుకుపోతోంది. ఎందుకు?

చక్రానికి దగ్గరగా ఉండే మడ్‌గార్డులో మట్టి గడ్డకట్టి టైరును పట్టేస్తుంది. హిమాలయన్ 411లో కింది మడ్‌గార్డు ఇలాగే చేస్తుంది. స్పేసర్లు వేసి దాన్ని పైకి లేపితే కొంత నయం. అలా చేసినా జిగటమట్టిలో మధ్యమధ్యలో ఆగి పుల్లతో గీకాల్సిందే.

వెంట ఏమేం పెట్టుకోవాలి?

చేతిపంపు, టైరు లివర్లు, ప్యాచ్ కిట్, వాల్వ్ పిన్ను తీసే పనిముట్టు, చెయిన్ లింకు, క్లచ్ కేబుల్, యాక్సిల్ నట్టుకి సరిపోయే పానా. ట్యూబు ఒక్కటే మోయగలిగితే ముందు చక్రానిది, 21 అంగుళాలది పెట్టుకోండి. అవసరమైతే అది వెనక 18 అంగుళాల టైరులో కూడా సర్దుకుని ఇంటిదాకా తెస్తుంది. లక్ష్మీపూర్, నారాయణపట్న వైపు సిగ్నల్ ఉంటుందని నమ్ముకోవద్దు. ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్ళండి.

ఎక్కడ నడపొచ్చు?

ఊరికీ ఊరికీ మధ్య బండిబాటలు ఉన్నాయి, అవి చాలు. దేవమాలి పైదాకా రోడ్డు పడింది, గడ్డి వాలుల మీద చక్రాల గాట్లు కొత్తగా వేయక్కర్లేదు. అడవిశాఖ బోర్డు ఉన్నచోట అనుమతి లేకుండా వెళ్ళొద్దు. కొండవాలు మీద ఖాళీ నేలలా కనిపించేది చాలాసార్లు చోడి (రాగి) చేనో అల్లం చేనో అవుతుంది. లోయల్లో వాగు వెంట మెట్లుమెట్లుగా ఉండే వరిమళ్ళ గట్టు ఒక్కసారి తెగితే ఆ రైతు నీరంతా పోతుంది. సంత రోజుల్లో బాటల నిండా తలమీద బుట్టలతో ఆడవాళ్ళు నడుస్తుంటారు. వాళ్ళు కనిపించగానే మొదటి గేరుకి దిగి, దుమ్ము లేవకుండా పక్కగా పోవాలి.

తిరిగొచ్చాక బండికి ఏం చేయాలి?

మట్టి ఎండకముందే కడగండి. ప్రెషర్ వాటర్‌ను చక్రాల బేరింగుల మీద, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) మీద నేరుగా కొట్టించొద్దు, గ్రీజు కొట్టుకుపోతుంది. చెయిన్‌ను కిరోసిన్‌తో బ్రష్ చేసి, తుడిచి, లూబ్ వేయండి. స్పోకులను స్పానర్‌తో ఒక్కొక్కటిగా తట్టండి. మిగతావాటిలా ఖంగుమనకుండా డబ్ అన్నది వదులైనట్టు. వాగులు దాటి ఉంటే బ్రేకు ప్యాడ్లు తీసి చూడండి, ఇసుక కలిసిన బురద వాటిని చాలా తొందరగా తినేస్తుంది. ముందు చక్రం ఎత్తి హ్యాండిల్‌ను నెమ్మదిగా అటూఇటూ తిప్పితే మధ్యలో టక్కుమని ఆగిందంటే కోన్ సెట్ పోయింది. జయపురంలో ఏ మెకానిక్ అయినా ఒక పూటలో మారుస్తాడు, పార్టు మాత్రం ముందే విశాఖ నుంచి తెప్పించి పెట్టుకోండి.